పన్నెండు గింజల పాఠం

1వ రోజు

సభవాళ్ళు ఈ పుస్తకం ఇచ్చి, విత్తు పాఠాన్ని ఏ రోజుది ఆ రోజు రాసిపెట్టమన్నారు. డబ్బాలో గింజలు అయిపోవచ్చాయి. వచ్చే ఏడు ఐదేళ్ళు నిండే పిల్లల చేతిలో పెట్టడానికి ఏమీ ఉండదు కాబట్టి, నేను రాసింది చదివి వినిపిస్తారట. గింజకు బదులు నా దస్తూరీ. బాగానే ఉంది సంబడం.

నా పేరు హైమవతి. చిన్నబడి టీచర్ని. వయసు యాభై ఎనిమిది, మోకాళ్ళు తప్ప మిగతావన్నీ ఇంకా మాట వింటున్నాయి. ఈ పాఠం పందొమ్మిదిసార్లు చెప్పాను. ఇది ఇరవయ్యోది, ఇదే ఆఖరిది.

మొదటి గంటకు పిల్లలు నిద్రగుడ్డలు మెడలో వేలాడేసుకునే వచ్చారు. దీపాలు ఆర్పని ఊళ్ళో కళ్ళకు ఆ గుడ్డ కట్టుకోకపోతే ఎవరికీ నిద్ర పట్టదు, సరే. బడికి వచ్చాక దాన్ని విప్పి కొక్కేనికి తగిలించాలని రోజూ చెప్పాలా? చెప్పాలి. చెప్పాను. తర్వాత హాజరు పిలిచాను. ఇక్కడ పిల్లలకు పేర్లు పెట్టేటప్పుడు, తాతలు, నానమ్మలు దేనికోసం బెంగపెట్టుకుని పోయారో దాని పేరే పెడతారు. తొలకరి, తుమ్మెద, జాజి, వెన్నెల, ఏరు... నేనెన్నడూ చూడనివన్నీ వరసగా "ఉన్నాను టీచర్" అంటుంటాయి.

డబ్బా మూత తీశాను. పిల్లలు పదకొండు మంది, చిక్కుడు గింజలు పన్నెండు. ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కోటి పెట్టాను. నల్లగా, నున్నగా, ఒక అంచున తెల్లటి గీత.

"ఇది రాయి కదా టీచర్," అన్నాడు తుమ్మెద.

"రాయో కాదో పది రోజులాగి నువ్వే చెప్పు."

తొలకరి అనే పిల్ల తన గింజను వాసన చూసింది, నాలుకతో తాకింది, మిగతావాళ్ళు చూస్తున్నారని తెలిసి పిడికిలి మూసేసింది. ఎర్ర నిద్రగుడ్డ ఉన్న పిల్ల. మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. ఇలాంటి పిల్లలంటే నాకు కొంచెం భయం.

గింజలన్నీ నీళ్ళలో నానబెట్టాం.

2వ రోజు

గింజలు ఉబ్బాయి. పదకొండింటిని రాతిపొడి, నాచుపిప్పి కలిపిన మట్టిలో, వేలి మొదటి కణుపంత లోతున పెట్టించాను. పన్నెండోదాన్ని బల్ల మీద పెట్టి పొట్టు తీసి, రెండు బద్దలుగా విప్పాను. బద్దల మధ్య ఒక మూలన ఉంటుంది, చీమ తలంత మొక్క. రెండు ఆకులు మడుచుకుని, బుల్లి వేరు ముడుచుకుని. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూశారు.

"ఏం చేస్తోంది లోపల?" అని అడిగింది తొలకరి.

"నిద్రపోతోంది. నీళ్ళు తగిలితే లేస్తుంది."

"ఇది లేవదుగా ఇంక? విప్పేశారుగా."

లేవదని చెప్పాను. పదకొండు ముఖాలు ఒక్కసారిగా నావైపు తిరిగాయి. ప్రతి ఏడూ ఈ ఒక్క నిమిషం నాకు కష్టంగా ఉంటుంది. చదివి వినిపించేవాళ్ళు దీన్ని తొందరగా దాటేయండి.

5వ రోజు

అనుకున్నదే అయింది. తుమ్మెద గింజను తవ్వి చూశాడు. ఒకసారి కాదు, రోజుకు మూడుసార్లు.

"వేరు వచ్చిందో లేదో చూస్తున్నా టీచర్."

"వచ్చిందా?"

"వచ్చింది. విరిగింది."

ఏడుపు. నా దగ్గర ఇంకో గింజ లేదు. వేరు కొస మాత్రమే పోయింది, పక్కనుంచి ఇంకోటి వస్తుందని చెప్పి మళ్ళీ పెట్టించాను. వస్తుందని నాకు గట్టిగా తెలియదు. ఆ అబద్ధానికి దేవుడు క్షమించాలి, లేదా వేరు రావాలి.

8వ రోజు

లేచాయి! మొదట మెడ వంచుకుని వచ్చి, తర్వాత తల ఎత్తుతుంది మొక్క. తాను పుట్టిన గింజ బద్దలు రెండింటినీ తలమీద పెట్టుకునే లేస్తుంది. పందొమ్మిదిసార్లు చూశాను. ఇవాళ కూడా ప్రతి కుండీ దగ్గరా వంగి చూశాను. తుమ్మెదది కూడా వచ్చింది, కొంచెం పక్కకు ఒరిగి.

"రాయి కాదు టీచర్," అన్నాడు వాడు, తప్పు ఒప్పుకుంటున్న పెద్దమనిషిలా.

12వ రోజు

ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఈ ఏడు తొలకరి అడిగింది.

"టీచర్, మొక్క గింజలోంచి వచ్చింది. మరి గింజ ఎందులోంచి వచ్చింది?"

"డబ్బాలోంచి," అన్నాడు తుమ్మెద నాకు సాయంగా.

"డబ్బాలోకి?"

"కాయలోంచి," అన్నాను నేను. "మొక్క పెరిగి తీగవుతుంది. తీగకు పువ్వు పూస్తుంది. పువ్వు కాయవుతుంది. కాయ ఎండితే లోపల గింజలు ముదురుతాయి."

"మీరు చూశారా?"

"లేదు."

"మరి ఎలా తెలుసు?"

"మా అత్తయ్య చెప్పింది."

పిల్లలు తృప్తిపడ్డారు. తొలకరి పడలేదు.

మా అత్తయ్య భూమ్మీద పుట్టిన మనిషి. మొదటి విడతలో వచ్చినవాళ్ళలో ఆఖరున పోయింది. చిక్కుడు తీగ ఎప్పుడు పూస్తుందని అడిగితే, "నాకేం తెలుసే, నేను రైతుబజార్లో కొన్నదాన్ని," అనేది. కానీ కాయకు ఈనె ఎలా తీయాలో మాత్రం వట్టి చేతులతో చూపించేది. తొడిమ దగ్గర తుంచి, సర్రున లాగి, విరిచి, గిన్నెలో పడేసినట్టు. గిన్నె లేదు, కాయ లేదు. "ఈనె తీయడం కూడా రాని కోడలు దొరికింది నాకు," అని ఇరవై ఏళ్ళు దెప్పింది. అప్పుడు ఒళ్ళు మండేది. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు నన్ను ఆ మాట అనేవాళ్ళు ఎవరూ లేరు.

చిక్కుడు ఎలా పూస్తుందో పుస్తకాల్లో ఉండేదేమో. పుస్తకాలన్నీ ఉన్న యంత్రం మూడు రోజుల చీకట్లోనే పోయింది. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. మా లోగిలి కొండ లోపల తొలిచిన ఊరు, బయట గాలి లేదు. దీపాలు ఆరి, ఊళ్ళోకి గాలి ఆడించే మరలు ఆగి, మూడు రోజుల్లో అరవై రెండు మంది పోయారు. అందులో మా ఆయన ఒకడు. దీపాలు తిరిగి వెలిగిన రోజే ఊరంతా తిరిగి స్విచ్చులన్నీ పీకేశారు. అప్పటినుంచి లోగిలిలో దీపం ఆరింది లేదు. తర్వాత ఒకసారి సభవాళ్ళు ఒక చిక్కుడు తీగను ఏడాదిపాటు పెంచి చూశారు. పువ్వు రాలేదు. ఇక్కడి దీపాలకు పువ్వులు రావని తేల్చి, నీళ్ళు వృథా కాకుండా పాఠం మొక్కలకు ఇరవై ఒక్క రోజుల గడువు పెట్టారు. ఆ గడువు రోజే తిరుగునాడు, మొక్కలను పీకి ఊరి నీళ్ళ తొట్టిలో వేసేస్తాం. ఇళ్ళల్లో మొక్క ఉండకూడదన్నారు.

ఈ పేజీ తర్వాత చింపేయాలి, గుర్తుపెట్టుకోవాలి. మా ఇంట్లో మొక్క ఉంది. పోయిన ఏడు ఒక పిల్లాడికి జ్వరం వచ్చి తిరుగునాటికి రాలేదు. వాడి మొక్కను నేను తొట్టిలో వేయలేదు, ఇంటికి తెచ్చుకున్నాను. ఏడాది కావస్తోంది. నా వంతు తాగేనీళ్ళలోంచి రోజూ అరగ్లాసు పోస్తున్నాను. దీపం కింద, అన్నిటికంటే వెలుగున్న చోట పెట్టాను. ఆకులు తుడుస్తాను. గోడంతా అల్లుకుంది. పచ్చగా, లావుగా, నిగనిగలాడుతోంది. నాకు ఒక్క కాయ చూడాలని ఉంది. పోయేలోపల ఒక్కటంటే ఒక్కటి. అంతకంటే పెద్ద కోరిక నాకేమీ లేదు.

ఇవాళా పువ్వు లేదు.

20వ రోజు

తొలకరి ఖాళీ కుండీ పట్టుకుని వచ్చింది. మొక్క చచ్చిపోయిందట. తానే తీసుకెళ్ళి తొట్టిలో వేసేసిందట.

ఒంటరిగా ఎందుకు వెళ్ళావు, నాతో చెప్పాల్సింది కదా అన్నాను. నేల చూస్తూ నిలబడింది. బుగ్గ నిమిరి పంపించాను. రేపటి హడావిడిలో ఉన్నాను, ఇంకేమీ అడగలేదు.

21వ రోజు. తిరుగునాడు

ఊరంతా వచ్చింది. పిల్లలు వరసగా తొట్టి దగ్గరకు వచ్చి, తమ మొక్కను తామే వేళ్ళతో సహా పీకి, నీళ్ళలో వదిలి "నీళ్ళది నీళ్ళకే" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఏదీ నాది అని దాచుకోకూడదని, ఒకరు దాచుకుంటే ఇంకొకరు ఎండిపోతారని పిల్లలకు తెలియాలి. ఈ ఊరు బతికింది అలాగే. పందొమ్మిదేళ్ళూ నేను అది నమ్మే చెప్పాను, ఇప్పుడూ నమ్ముతాను.

తుమ్మెద ఏడ్చాడు, కానీ పీకాడు. వాడి చేయి పట్టుకుని పీకించింది నేనే. ఇంటికి వెళ్ళి నా తీగకు నీళ్ళు పోశాను. ఆ అరగ్లాసు పోస్తున్నంతసేపూ తల ఎత్తలేకపోయాను.

38వ రోజు

లెక్కలు, పాటలు, చేతులు కడుక్కోవడం. కిటికీ గట్టు మీద పదకొండు ఖాళీ కుండీలు. డబ్బా కూడా కడిగి బోర్లించాను.

నీళ్ళ పంపకం చూసే వరూధిని బడికి వచ్చింది. చిన్నప్పటినుంచి నాకు స్నేహితురాలు, పెద్దరికం వచ్చాక కొంచెం తక్కువ.

"వచ్చే ఏడు బొమ్మలు గీసి చూపించరాదూ హైమా. నీకు బొమ్మలు బాగానే వస్తాయిగా."

"కాయ బొమ్మ ఎలా గీయను? చూస్తేగా."

"మీ అత్తగారు చెప్పింది విని గియ్యి. చూసినవాళ్ళెవరున్నారు తప్పు పట్టడానికి?"

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నిజంగానే చూసినవాళ్ళు ఎవరూ లేరు, ఇకముందు ఉండరు కూడా. ఇంకో పదేళ్ళకు చిక్కుడు అనేది మాట మాత్రమే అవుతుంది, హాజరు పట్టీలో పేర్లలాగా.

ఇవాళా పువ్వు లేదు.

63వ రోజు

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

చివరి గంట కొట్టాక నేల తుడుద్దామని గుడ్డల కోసం వెనకగదిలోకి వెళ్ళాను. అక్కడ రెండు ఇనుప బీరువాలున్నాయి. ఒకదాంట్లో తుడుపుగుడ్డలు, రెండోది మడతబందు విరిగిపోయి ఏళ్ళుగా ఎవరూ వాడనిది. తొలకరి ఆ రెండో బీరువా తలుపు మూస్తోంది. మూసి, తలుపు సందులో తన ఎర్ర నిద్రగుడ్డ కుక్కుతోంది.

నన్ను చూసి బిగుసుకుపోయింది. నేను తలుపు తీశాను.

అరలో చిన్న గిన్నె. గిన్నెలో తొలకరి మొక్క. సన్నగా, పాలిపోయి, నా తీగ ముందు నిలబెడితే జబ్బుమనిషి. నాలుగే నాలుగు ఆకులు బాగున్నాయి. చివర ఒక కాడ నిటారుగా లేచి ఉంది. కాడ నిండా ఊదారంగు పువ్వులు.

బీరువా ముందు నేలమీద కూర్చున్నాను. మోకాళ్ళ సంగతి కూడా గుర్తు రాలేదు.

"టీచర్, నన్ను సభలో నిలబెడతారా?" అంది తొలకరి.

పువ్వు ముట్టుకోవాలనిపించింది, ముట్టుకోలేదు. వాసన చూశాను. వాసన ఉందో లేదో చెప్పలేను, అప్పటికే ముక్కు కారుతోంది.

64వ రోజు

ఇవాళ నెమ్మదిగా అడిగాను. పిల్ల నెమ్మదిగా చెప్పింది.

"దాచడానికి పెట్టావా బీరువాలో?"

"మొదట దాచడానికే. ఇంకా గింజలు రాలేదు కదా, అప్పుడే ఎందుకు పీకాలి అని."

"మరి తలుపు?"

"మొదటి గంటకు తీస్తా. వెలుగు కావాలి కదా, మీరే చెప్పారు. చివరి గంటకు మూసేస్తా."

"ఎవరూ చూడకూడదనా?"

నా తెలివికి జాలిపడినట్టు చూసింది. "నిద్రపోవద్దా టీచర్? మనమైతే కళ్ళకు గుడ్డ కట్టుకుంటాం. దానికి కళ్ళెక్కడున్నాయి కట్టడానికి? అందుకే తలుపేశా. సందులోంచి వెలుగొస్తుంటే నా గుడ్డ పెట్టా."

"మరి నువ్వెలా పడుకుంటున్నావే?"

"చేయి అడ్డం పెట్టుకుని."

నలభై మూడు రోజులుగా ఈ పిల్ల కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని పడుకుంటోంది.

ఇంటికి వెళ్ళి నా తీగ ముందు కూర్చున్నాను. పధ్నాలుగు నెలల్లో దానికి ఒక్క క్షణం చీకటి లేదు. మేం చీకటికి ఎంత భయపడ్డామంటే, భూమ్మీద సగం రోజు చీకటే అని మర్చిపోయాం. అత్తయ్యకు తెలుసు, రాత్రులు ఎలా ఉండేవో కథలు కథలుగా చెప్పేది. కాని మొక్కకు కూడా రాత్రి కావాలని ఆవిడకు తోచలేదు, నాకూ తోచలేదు. అన్నిటికంటే వెలుగున్న చోట పెట్టి ముద్దు చేశాను. దాన్ని పధ్నాలుగు నెలలు నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టింది నేనే.

65వ రోజు

వరూధినిని తీసుకెళ్ళి బీరువా చూపించాను. వంగి పువ్వులన్నీ లెక్కపెట్టింది. తర్వాత తొలకరి వాళ్ళ నాన్నను పిలిపించాలి, ఎల్లుండి సభ పెట్టాలి అంది.

"సభ ఏమంటుంది?"

"పిల్ల దాచింది, తప్పే. పసిది కాబట్టి మందలించి వదిలేస్తారు. పూసిన మొక్కను పీకమని ఎవరూ అనరులే. ఏదో గింజ మహిమ అనుకుంటారు."

"గింజ మహిమ కాదు వరూ. చీకటి."

"ఆ మాట సభలో అనకు. చీకటి వల్ల మంచి జరిగిందంటే ఇళ్ళల్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఊరుకుంటారా? నువ్వు మాత్రం పోగొట్టుకోలేదూ? అయినా రుజువేది? ఒక్క మొక్క పూస్తే రుజువవుతుందా?"

అవదు. ఒక మొక్క చీకట్లో పూసింది. అదే డబ్బాలోంచి వచ్చిన ఇంకో మొక్క, అదే మట్టిలో, పధ్నాలుగు నెలలు వెలుగులో ఉండి ఒక్క మొగ్గ వేయలేదు. రెండూ పక్కపక్కన పెడితే రుజువవుతుంది. రెండోది మా ఇంట్లో ఉంది.

చెప్పేశాను. వరూధిని ముఖం చూడాల్సింది.

"నీ ఇంట్లో! ఏడాది పైగా! ఎంతమంది పిల్లల చేత పీకించావే ఆ చేత్తో?"

"తెలుసు."

"ఎవరికీ తెలియదు ఇంకా. నేనూ విననట్టే. ఆ తీగను తొట్టిలో పడెయ్. ఈ పిల్ల మొక్క కాయ కాస్తుంది, నువ్వు హాయిగా చూసుకుంటావు. నీ కోరిక అదేగా ఎప్పుడూ? చెప్పావంటే నిన్ను నాచు కలపడానికి తొట్లగదికి పంపుతారు. అందులో అడుగుపెడితే తొంభై రోజులు బయటికి రానివ్వరు. బయటి మురికి తొట్లకు తగలకూడదు కదా. కాయ ఎండేటప్పటికి నువ్వు లోపలుంటావు హైమా."

అక్కడే కూర్చున్నాను, వరూధిని వెళ్ళిపోయాక కూడా. కాడ కింద ఒక పువ్వు వాడిపోయి, దాని మొదట్లో ఆకుపచ్చగా, సన్నగా ఏదో బయటపడుతోంది. గోరంత లేదు. అది కాయేనా? అడగడానికి ఎవరూ లేరు.

నేను నోరు మూసుకుంటే ఈ కాయ చూస్తాను. దాని గింజలు వచ్చే ఏడు పిల్లలకిస్తారు, వెలుగులో పెంచుతారు, పువ్వు రాదు, పీకేస్తారు. ఆ తర్వాత మళ్ళీ డబ్బా ఖాళీ.

67వ రోజు

తీగను గోడ మీంచి విప్పి, చుట్టలు చుట్టి, నెత్తిన పెట్టుకుని సభకు వెళ్ళాను. పక్కన తొలకరి, గిన్నెతో. వాళ్ళ నాన్న పోలినాయుడు కూతురి భుజం మీంచి చేయి తీయలేదు.

రెండింటినీ బల్ల మీద పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పచ్చటి తీగ చూసి కొందరు ఆశపడ్డారు, పువ్వులు చూసి ఇంకొందరు దగ్గరకు వచ్చారు. చీకటి అన్న మాట నా నోట్లోంచి రాగానే అందరూ వెనక్కి జరిగారు.

"మా అమ్మను మింగిన చీకటి, ఇప్పుడు చిక్కుళ్ళు కాయిస్తుందా?" అన్నాడు ఒక ముసలాయన.

"మా ఆయన్నీ మింగింది బాబాయ్. నేను దాన్ని మెచ్చుకోవడం లేదు. తీగకు అది కావాలంటున్నాను, అంతే."

అన్నిటికంటే గట్టిగా తగిలింది ఆ ముసలాయన మాట కాదు. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. పదిహేనేళ్ళ కింద నా దగ్గర చదువుకుంది. ఇప్పుడు ఆమె చంకలో పాప.

"నా మొక్కను పీకనని ఏడ్చాను టీచర్. దాచుకోకూడదు తల్లీ అని మీరే నా చేయి పట్టుకుని పీకించారు. గుర్తుందా?"

గుర్తుంది. తల ఊపాను.

సాయంత్రం గంట వరకు వాదించుకున్నారు. ఆఖరికి తేల్చింది ఇది. పిల్ల మొక్క బీరువాలోనే ఉంటుంది, కాయ ఎండేదాకా ఎవరూ పీకరు. నా తీగను బడిలో పెట్టి, చివరి గంట నుంచి మొదటి గంట దాకా దానికి గుడ్డ కప్పుతారు, దీపాలు మాత్రం ఆర్పరు. నేను బడి నుంచి తప్పుకోవాలి. నాలుగు రోజుల్లో తొట్లగదికి వెళ్ళాలి.

పన్నెండో రోజు పేజీ చింపడం లేదు. చదివినవాళ్ళు చదువుకోండి.

70వ రోజు

రేపు లోపలికి వెళ్తాను. ఇవాళ తీగకు కప్పే దుప్పటి పూర్తయింది. ఊళ్ళో అంత పెద్ద గుడ్డ ఎక్కడిది? ఇంటింటి నుంచి పాత నిద్రగుడ్డలు తెచ్చి ఇచ్చారు, వరూధిని కూర్చుని కుట్టింది. సభలో లేచి నన్నడిగిన అమ్మాయి కూడా ఒకటి తెచ్చింది. నాతో మాట్లాడలేదు, గుడ్డ మాత్రం ఇచ్చి వెళ్ళింది.

బీరువాలో అవి కాయలే. మూడున్నాయి. వేలెడంత లేవు, చదునుగా, కొడవలిలా వంగి ఉన్నాయి. లోపల గింజలున్నచోట కొంచెం ఉబ్బు కూడా కనిపిస్తోంది. వేలితో తడిమాను. మెత్తగా, చల్లగా ఉన్నాయి. ఒకటి తుంచి ఈనె తీసి చూడాలని చేతులు ఎంత లాగాయో. అత్తయ్య ఉంటే తుంచేదే. కాని పచ్చికాయ తుంచితే గింజ ముదరదు, మూడు కాయలూ పిల్లలకు కావాలి. చేతులు కట్టుకుని నిలబడ్డాను. తొలకరి నన్ను అనుమానంగా చూస్తూ బీరువా ముందు కాపలా నిలబడింది. మంచిపని చేసింది.

"ఎండిందాకా ఆగాలి," అని చెప్పాను. "ఎన్ని రోజులో నాకు తెలియదు. తెలిసినప్పుడు నువ్వే ఇంకొకరికి చెప్పాలి."

91వ రోజు

తొట్లగది. పొద్దస్తమానం నాచు కలపడం, వడకట్టడం, మళ్ళీ కలపడం. వాసనకు అలవాటుపడ్డాను, చేతులు పచ్చగా అయిపోయాయి. ఇక్కడికి ఎవరినీ రానివ్వరు, కాని గోడలో మాటల గొట్టం ఉంది. దాంట్లో బయటి మాట లోపలికి, లోపలి మాట బయటికి వినిపిస్తుంది. పిల్లలు రోజూ బడి అయ్యాక వచ్చి, ముసలితనంతో నాకు చెవుడు వచ్చిందన్నట్టు పెద్దగా అరుస్తారు.

"టీచర్, పెద్ద తీగకు మొగ్గలొచ్చాయి!" తుమ్మెద గొంతు.

"ఎన్ని?"

"చాలా! గుడ్డ కప్పేటప్పుడు నేను ఒక కొస పట్టుకుంటా రోజూ!"

"చిన్నదాని సంగతి?"

తొలకరి గొంతు నెమ్మదిగా వచ్చింది. "ఒక కాయ రాలిపోయింది టీచర్. నేనేం చెయ్యలేదు. రెండున్నాయి. ఆకులు పండిపోతున్నాయి."

వాళ్ళు వెళ్ళిపోయాక గొట్టం దగ్గరే కాసేపు నిలబడుతున్నాను. నా తీగ మొగ్గ వేసిందంటే సంతోషమే. చూడలేకపోయానని బెంగగా ఉంది, అదీ నిజమే. ఎవరిమీదా కోపం లేదని రాయాలని ఉంది కాని ఇంకా కొంచెం ఉంది.

118వ రోజు

ఇవాళ మధ్యాహ్నమే గొట్టంలో అలికిడి వినిపించింది. ఒక గొంతు కాదు, గుంపు. ఎవరు ముందు మాట్లాడాలా అని తోసుకుంటున్నారు. మధ్యలో వరూధిని "నిమ్మళంగా, నిమ్మళంగా" అంటోంది.

"టీచర్," తొలకరి. "మొక్క మొత్తం ఎండిపోయింది. కాయలు కూడా. ఒకటి దానంతట అదే నా చేతిలోకి వచ్చేసింది. చచ్చిపోయిందా?"

"ఎలా ఉంది కాయ?"

"గట్టిగా. పల్చగా. కాగితం లాగా. ఊపితే లోపల ఏదో కొట్టుకుంటోంది."

నా చేతిలో నాచు తెడ్డు ఉంది. కింద పెట్టాను.

"గొట్టం దగ్గర పెట్టి ఊపు," అన్నాను.

ఊపింది. సన్నటి చప్పుడు. గల గల, గల గల. ఎండిన కాయ ఇలా మోగుతుందని అత్తయ్య ఎన్నడూ చెప్పలేదు. యాభై ఎనిమిదేళ్ళలో వినని చప్పుడు. నాతోపాటు పనిచేస్తున్నవాళ్ళు కూడా తెడ్లు ఆపి గోడ దగ్గరకు వచ్చారు.

"విప్పమంటారా టీచర్?" అని తుమ్మెద అరిచాడు. "ఎన్నున్నాయో చూద్దాం టీచర్!"

మిగతా పిల్లలు కూడా అందుకున్నారు, విప్పుదాం విప్పుదాం అని. వరూధిని వాళ్ళను ఊరుకోబెట్టి, "నువ్వు చెప్పేదాకా విప్పనంటోంది హైమా ఈ పిల్ల. కూర్చుని ఉంది పిడికిలి మూసుకుని," అంది.

విప్పమనాలి. అందులో వచ్చే ఏడు పిల్లలకు గింజలున్నాయి, వాటిని లెక్కచూసి డబ్బాలో పెట్టాలి. అవతల పదకొండు మంది పిల్లలు ఊపిరి బిగబట్టి ఉన్నారు. నేను గొట్టానికి చెవి ఆనించి నిలబడ్డాను.

"ఆగవే తల్లీ," అన్నాను. "ఇంకొక్కసారి ఊపు."